మృతదేహం దొరకలేదు, పతకమూ రాలేదు: ఫుట్‌బాల్ ఆటగాడు వాల్టర్ టల్ జీవితం

పెనుగొండ: మన జిల్లాలో సైన్యం మాట వస్తే ముందుగా చెప్పుకునేది తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరి వారు పటాలంలో చేరుతూ రావడం వల్ల మిలటరీ మాధవరం అన్న పేరే దానికి స్థిరపడిపోయింది. 1914 నుంచి 1918 వరకు సాగిన ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. వారిలో వేలాది మంది తిరిగి ఇల్లు చేరలేదు.

అదే యుద్ధంలో ఇంగ్లండు సైన్యం తరఫున పోరాడి ఫ్రాన్సు మట్టిలో కలిసిపోయిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి జీవితం ఇది. ఆయన పేరు వాల్టర్ టల్. తండ్రి నల్లజాతివాడు, తల్లి తెల్లజాతి స్త్రీ. తొమ్మిదేళ్ళకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని అనాథ శరణాలయంలో పెరిగాడు. ఇరవై ఒక్క ఏళ్ళకు లండనులోని పెద్ద జట్టులో ఆడాడు. ఇరవై తొమ్మిదేళ్ళకు సైన్యంలో అధికారి అయ్యాడు. మరో నెల బతికితే 30 ఏళ్ళు నిండేవి. ఈలోగా తుపాకి గుండుకు బలైపోయాడు.

చిన్న వయసులో యుద్ధంలో చనిపోయిన ఆటగాళ్ళు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. అందరి పేర్లూ నూరేళ్ళ తర్వాత వినబడడం లేదు. వాల్టర్ టల్ పేరు వినబడడానికి ఒక కారణం ఉంది. తెల్లవారికి ఆజ్ఞలిచ్చే అధికారం రంగున్న వాడికి ఉండకూడదని ఆ సైన్యం నిబంధన రాసుకుంది. అటువంటి సైన్యంలో ఆయన తెల్ల సైనికులకు నాయకుడై నిలిచాడు.

చెరకు తోటల నుంచి

వాల్టర్ తాత బార్బడోస్ అనే చిన్న ద్వీపంలో బానిస. వెస్టిండీస్ దీవుల్లో అదొకటి. క్రికెట్ వినే వారికి ఆ పేరు కొత్త కాదు. ఆ ద్వీపమంతా చెరకు తోటలే. తణుకు, పెనుగొండ ప్రాంతాల వారికి చెరకు నరకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఆ పనికి ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో కుక్కి తెచ్చి, సంతలో పశువులను అమ్మినట్లు అమ్మి, కొరడా దెబ్బల కింద పని చేయించారు.

బానిసత్వాన్ని రద్దు చేసిన బ్రిటిషు చట్టం 1834లో అమలులోకి వచ్చింది. అయినా మరి నాలుగేళ్ళు పాత యజమాని దగ్గరే పని చేయాలని షరతు పెట్టారు. 1838లో గాని వారికి పూర్తి విముక్తి కలగలేదు. విచిత్రమేమంటే అప్పుడు బ్రిటిషు ప్రభుత్వం రెండు కోట్ల పౌన్లు నష్టపరిహారం చెల్లించింది. అది బానిసలకు కాదు, బానిసలను వదులుకున్న యజమానులకు. బానిసలు లేకపోయేసరికి మారిషస్ వంటి దీవుల తోటలకు కూలీలు కావలసివచ్చారు. మన కోరంగి రేవు నుంచి తెలుగువారిని ఓడలెక్కించింది అందుకే. అది మరో పెద్ద కథ.

ఆ బానిస కొడుకు డేనియల్ టల్ వడ్రంగి పని నేర్చుకున్నాడు. చేతిలో పని ఉంటే ఎక్కడైనా బతకవచ్చునని 1876లో ఇంగ్లండు చేరాడు. దక్షిణపు సముద్రతీరాన కెంట్ ప్రాంతంలో ఫోక్‌స్టన్ అనే రేవు పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడ వ్యవసాయ కూలీ కుటుంబానికి చెందిన ఆలిస్ పామర్ అనే తెల్లజాతి యువతిని వివాహం చేసుకున్నాడు. వారికి కలిగిన పిల్లల్లో వాల్టర్ ఒకడు. 1888 ఏప్రిల్ 28న పుట్టాడు.

కుటుంబం గుట్టుగా సాగిపోతున్న రోజుల్లో 1895లో తల్లి ఆలిస్ క్యాన్సర్ వ్యాధితో మరణించింది. అప్పటికి వాల్టరుకు ఏడేళ్ళ ప్రాయం. పసిపిల్లలున్న ఇంట్లో భార్య పోతే ఆమె చెల్లెలినో, చెల్లెలి వరస అయిన దానినో తెచ్చుకోవడం మన ఊళ్ళలోనూ ఉన్నదే. డేనియల్ కూడా ఆలిస్‌కు చెల్లెలి వరస అయిన క్లారాను చేసుకున్నాడు. పిల్లలకు ఆమె అటు పిన్నీ, ఇటు సవతి తల్లీ అయింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1897లో, గుండె జబ్బుతో డేనియల్ కూడా పోయాడు. తనకు పుట్టిన పసికందుతో పాటు అక్క పిల్లలందరినీ పోషించే శక్తి క్లారాకు లేదు.

విడిపోయిన అన్నదమ్ములు

సంపాదనకు ఎదిగిన అన్నను, ఇంటి పనికి ఆసరాగా ఉండే ఆడపిల్లలను ఇంట్లో ఉంచుకుని, నడిమి వయసు మగపిల్లలైన ఎడ్వర్డునూ వాల్టరునూ 1898లో లండను పంపించారు. బెత్నల్ గ్రీన్ అనే పేటలో మెథడిస్టు క్రైస్తవులు నడిపే అనాథ శరణాలయంలో చేర్పించారు. వారి తిండికి వారానికి ఇంత అని ఊరి పేదల సంరక్షణ సంఘం చెల్లించేది. క్లారాను తప్పు పట్టడం తేలిక గాని, భర్త పోయి పిల్లలతో మిగిలిన ఆడదానికి ఆ రోజుల్లో అంతకు మించి దారి కనబడలేదు.

శరణాలయంలో క్రమశిక్షణ గట్టిది. ప్రార్థనలు, చదువు, చేతిపని అన్నిటికీ గంట కొట్టేవారు. పిల్లల పాటల బృందం ఊరూరా తిరిగి పాడి శరణాలయానికి చందాలు వసూలు చేసేది. ఎడ్వర్డు గొంతు బాగుండేది. ఆ బృందంతో స్కాట్లండులోని గ్లాస్గో నగరం వెళ్ళినప్పుడు అతడు అక్కడి వార్నాక్ దంపతుల కంటబడ్డాడు. 1900లో వారు అతడిని దత్తత తీసుకున్నారు. పెంచిన వారి ఆదరణలో ఎడ్వర్డు చదువుకుని పళ్ళ డాక్టరయ్యాడు. ఆ దేశంలో ఆ వృత్తి చేపట్టిన మొదటి నల్లజాతి సంతతి వారిలో అతనొకడు.

వాల్టర్ శరణాలయంలోనే ఉండిపోయాడు. ఒకే గదిలో పడుకుని లేచిన అన్న వెళ్ళిపోవడం పన్నెండేళ్ళ పిల్లవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయితే ఆ ఇద్దరి మధ్య రాకపోకలు తెగిపోలేదు. చివరిదాకా ఉత్తరాలు నడిచాయి. వీలున్నప్పుడల్లా వాల్టర్ గ్లాస్గో వెళ్ళి అన్నను చూసి వచ్చేవాడు. తన వాళ్ళు ఎవరని అడిగితే సైన్యం కాగితాల్లో రాయించింది కూడా ఎడ్వర్డు పేరే.

శరణాలయం వాల్టరును అచ్చాపీసు పనిలో పెట్టింది. పగలు అచ్చుపని, తీరిక వేళ బంతాట. శరణాలయం జట్టులో ఎడమవైపు వెనుక కాపు కాసేవాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన ఆట కాదు.

ఒక్క సీజనులో మూడు కప్పులు

1908లో, ఇరవై ఏళ్ళ వయసులో, లండనులోని క్లాప్టన్ జట్టు వారు వాల్టరును చేర్చుకున్నారు. అది డబ్బు పుచ్చుకోకుండా సరదాకు ఆడే వారి జట్టు, అంటే అమెచ్యూర్లు. 1908-09 సీజనులో క్లాప్టన్ అమెచ్యూర్ కప్పు, లండన్ సీనియర్ కప్పు, లండన్ కౌంటీ అమెచ్యూర్ కప్పు మూడూ గెలుచుకుంది. ఆ ఏడాది కొత్తగా దొరికిన ఆటగాళ్ళలో మేటి ఈయనేనని క్రీడా పత్రిక ఒకటి మెచ్చుకుంది.

వెంటనే టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే పెద్ద జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఆ జట్టు సరిగ్గా ఆ ఏడాదే మొదటి డివిజనుకు ఎదిగింది. 1909 వేసవిలో ఆయనను కూడా వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలకు ఆటల పర్యటన వెళ్ళింది. చేరినందుకు 10 పౌన్లు, వారానికి 4 పౌన్లు జీతం. నిబంధనల ప్రకారం అప్పట్లో ఏ ఆటగాడికైనా అంతకు మించి ఇవ్వకూడదు. తండ్రి వడ్రంగి పనిలో ఎన్నడూ చూడని డబ్బు అది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులో డబ్బు పుచ్చుకుని ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఈయనేనని చాలామంది రాస్తుంటారు. అది సరి కాదు. ఆఫ్రికాలో ఈనాటి ఘనా దేశంలో పుట్టిన ఆర్థర్ వార్టన్ అంతకు ఇరవై ఏళ్ళ ముందే గోల్‌కీపరుగా ఆడాడు. మొదటివాడు కాకపోయినంత మాత్రాన వాల్టర్ టల్ గొప్పతనానికి వచ్చే లోటేమీ లేదు.

1909 సెప్టెంబరులో సండర్‌లాండ్ జట్టుపై మొదటిసారి పెద్ద మైదానంలో దిగారు. సొంత మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడినప్పుడు ముప్పై వేలకు మించి జనం చూశారు. వాల్టర్ స్థానం ముందు వరుసలో ఎడమవైపు, సెంటర్ ఫార్వర్డ్ పక్కన. మనిషి అంత వేగంగా పరిగెత్తేవాడు కాడు. బుర్రతో ఆడేవాడు. ఎదుటివాడు ఎటు కదలబోతున్నాడో ముందే గ్రహించి, బంతిని తన దగ్గర అట్టిపెట్టుకోకుండా, ఖాళీలో ఉన్న తోటివాడికి అందించేవాడు. ఎవరైనా మొరటుగా మీద పడినా తిరిగి కొట్టేవాడు కాదు.

బ్రిస్టల్‌లో జరిగింది

1909 అక్టోబరులో బ్రిస్టల్ నగరంలో ఆట జరిగింది. బ్రిస్టల్ సామాన్యమైన ఊరు కాదు. ఆఫ్రికా మనుషులను వెస్టిండీస్ తోటలకు చేరవేసిన ఓడలు ఒకనాడు బయలుదేరిన రేవు అది. బానిస మనుమడు ఆ ఊరి మైదానంలో ఆడడానికి దిగాడు.

ప్రేక్షకుల్లో ఒక గుంపు ఆయన రంగును పట్టుకుని బూతులు లంకించుకుంది. ఆయన కాలికి బంతి తగిలినప్పుడల్లా అరుపులే. తిట్లు అచ్చు వేయడానికి వీలులేనంత నీచంగా ఉన్నాయి. ఆ ఆటకు వెళ్ళిన విలేకరి ఒకాయన ఆ గుంపును గట్టిగా చీవాట్లు పెడుతూ రాశారు. మైదానంలో ఆ రోజు అందరికంటె బాగా ఆడినవాడు, అందరికంటె మర్యాదగా నడచుకున్నవాడు టల్ ఒక్కడేనని పత్రికలో వేశారు. ఇంగ్లండు ఫుట్‌బాల్ మైదానంలో రంగు పేరుతో జరిగిన అవమానం గురించి పత్రికలో వచ్చిన తొలి వార్తల్లో అదొకటిగా ఈనాడు చెబుతారు.

తిట్టిన వారికి ఏ శిక్షా పడలేదు. పడింది తిట్లు తిన్నవాడికి. ఆ తర్వాత కొద్ది రోజులకే పెద్ద జట్టు నుంచి ఆయనను తప్పించి రెండో జట్టుకు పంపించారు. కారణం ఏమిటో యాజమాన్యం ఎక్కడా చెప్పలేదు. అల్లరికి జడిసి తప్పించారని కొందరు, ఆటలో పదును తగ్గిందని కొందరు అంటారు. ఆ విలేకరి రాసినది చదివిన వారికి రెండో మాట నమ్మబుద్ధి కాదు. మొత్తం మీద పెద్ద జట్టులో లీగు ఆటలు 10, గోల్స్ 2. అంతటితో టాటెన్‌హామ్ అధ్యాయం ముగిసింది.

అయితే గుణం ఎరిగినవాడు ఒకడు దొరికాడు. నార్తాంప్టన్ టౌన్ అనే చిన్న జట్టుకు మేనేజరుగా ఉన్న హెర్బర్ట్ చాప్‌మన్ 1911 అక్టోబరులో డబ్బిచ్చి ఆయనను తన జట్టుకు తెచ్చుకున్నాడు. ఈ చాప్‌మనే తర్వాతి కాలంలో ఆర్సెనల్ జట్టును దేశంలో అగ్రస్థానంలో నిలిపి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. వాల్టరును ముందు వరుస నుంచి నడిమి వరుసకు, అంటే హాఫ్‌బ్యాక్ స్థానానికి మార్చాడు. అటు కాపలా, ఇటు దాడి రెండూ చూసుకోవలసిన చోటు అది. బుర్రతో ఆడేవాడికి సరిగ్గా సరిపోయింది. ఆ జట్టు తరఫున నూటికి పైగా ఆటలు ఆడారు. ఊళ్ళో చెప్పులు కుట్టే కార్ఖానాల కార్మికులు వారం వారం వచ్చి ఆయన ఆట చూసేవారు. ఆ ఊరు ఆయనను తన వాడిని చేసుకుంది.

ఆటగాళ్ళ పటాలం

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. కుర్రాళ్ళు గుంపులుగా సైన్యంలో చేరుతుంటే ఫుట్‌బాల్ ఆటలు మాత్రం ఆగలేదు. బలిసిన యువకులు జీతం పుచ్చుకుని బంతి తంతుంటే మన పిల్లలు చావాలా అని పత్రికలు దుయ్యబట్టాయి. దాంతో 1914 డిసెంబరు 15న లండనులో సభ జరిపి ఆటగాళ్ళకు ప్రత్యేకంగా ఒక పటాలం ఏర్పాటు చేశారు. దాని పేరు మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్. జనం మాత్రం ఫుట్‌బాల్ బెటాలియన్ అన్నారు. అదే నెలలో వాల్టర్ అందులో చేరిపోయారు. ఎవరూ బలవంతం చేయలేదు. నిర్బంధ సైనిక సేవ ఆ దేశంలో వచ్చింది 1916లో.

పదవిలో మెల్లమెల్లగా పైకి వచ్చి సార్జెంటు స్థాయికి చేరారు. 1915 నవంబరులో బెటాలియన్ ఫ్రాన్సు చేరింది.

అక్కడి యుద్ధం గుర్రాలెక్కి కత్తులు దూసే యుద్ధం కాదు. రెండు పక్షాల వారూ మనిషి లోతు కందకాలు తవ్వుకుని, వందల మైళ్ళ పొడుగునా ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్య నేలంతా ముళ్ళతీగ. వాన పడితే ఆ కందకాల్లో దమ్ము చేసిన వరిచేలో మాదిరి మోకాటి లోతు బురద. రోజుల తరబడి తడి బూట్లతో నిలబడి కాళ్ళు కుళ్ళిపోయేవి. ఎలుకలు, పేలు. పగలూ రాత్రీ తేడా లేకుండా ఫిరంగి గుళ్ళు. పక్కన నిలబడి మాట్లాడుతున్నవాడు మరుక్షణం ఉండేవాడు కాదు.

1916 మే నెలలో వాల్టర్ మనసు చెదిరిపోయింది. ఆసుపత్రికి పంపారు. ఆ రోజుల్లో దీనిని పిరికితనమని ఎగతాళి చేసిన వారున్నారు. పగలబడే గుళ్ళ మధ్య నెలల తరబడి నిద్ర లేకుండా ఉంటే ఎంతటి మనిషికైనా అది వస్తుందని వైద్యులు తర్వాత అంగీకరించారు. కోలుకున్నాక ఆయన మళ్ళీ అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్సుకు వచ్చారు. ధైర్యమంటే ఈ తిరిగి రావడమేనని మా అభిప్రాయం. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ ఏముందో తెలియదు. రెండోసారి తెలిసే వెళ్ళారు.

ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే, 1916 జూలై 1న, సోమ్ నది దగ్గర ఘోరమైన యుద్ధం ఆరంభమైంది. మొదటి ఒక్క రోజునే బ్రిటిషు సైనికులు 19,000 మందికి పైగా మరణించారు. ఫుట్‌బాల్ బెటాలియన్‌లో ఆయనతో పాటు చేరిన ఆటగాళ్ళు ఎందరో ఆ నెలల్లో నేలకూలారు. తిరిగి వచ్చిన వాల్టర్ ఆ యుద్ధం చివరి నెలలు కళ్ళారా చూశారు. డిసెంబరులో కందకాల జ్వరం పట్టుకుని ఇంగ్లండు చేరారు.

అధికారి హోదా

ఆయన పనితీరు చూసిన పై అధికారులు అధికారి పదవికి సిఫారసు చేశారు. ఇదే అసలు ముఖ్యమైన ఘట్టం. సైన్యంలో అధికారి కావాలంటే అభ్యర్థి స్వచ్ఛమైన యూరోపియన్ సంతతివాడై ఉండాలని నిబంధన. తెల్ల సైనికులు రంగున్న వాడి ఆజ్ఞ పాటించరని, క్రమశిక్షణ చెడిపోతుందని పెద్దల వాదన. వాల్టర్ ముఖం చూస్తేనే ఆయన సంతతి ఏమిటో తెలిసిపోతుంది. అయినా 1917 మొదట్లో స్కాట్లండులోని గేల్స్ అనే చోట అధికారుల శిక్షణ శిబిరానికి పంపారు. ఆ ఏడాది మే 30న సెకండ్ లెఫ్టినెంట్ హోదా దక్కింది.

నిబంధన మారలేదు. దాన్ని చూసీ చూడనట్లు వదిలేశారు. మూడేళ్ళ యుద్ధంలో వేలాదిగా అధికారులు చనిపోయి, ఆజ్ఞలిచ్చే వారు కరువైన రోజులవి. అవసరం కొద్దీ దారి ఇచ్చారన్నది నిజమే. కాని ఆ అవసరానికి తగినవాడు ఆయనే అని పక్కనుండి చూసినవారు చెప్పడమూ నిజమే. ఈ విషయంలోనూ మొదటివాడు ఈయనేనన్న మాట కొట్టివేయదగ్గదే. జమైకాలో పుట్టిన జార్జి బెమండ్ 1915లోనే అధికారి అయ్యాడు. అయితే అతడు తన సంతతి గురించిన ప్రశ్నకు యూరోపియన్ అనే జవాబిచ్చాడు. వాల్టరుకు దాచుకునే వీలు లేదు.

మన సైనికుల సంగతి కూడా ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ రోజుల్లో భారతీయుడు పటాలంలో ఎంత ఎదిగినా జమేదారు, సుబేదారు వరకే. ముప్పై ఏళ్ళు సేవ చేసిన సుబేదారు సైతం నిన్న గాక మొన్న వచ్చిన తెల్ల కుర్రవాడికి సలాము కొట్టవలసిందే. తెల్ల సైనికుడికి ఆజ్ఞ ఇచ్చే అధికారం లేదు. పోరాడే దళాల్లో భారతీయులకు రాజుగారి పేరిట అధికారి పదవులు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది 1917 ఆగస్టులో. అది కూడా మొదట వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికి. వాల్టర్ టల్ అధికారి అయిన మూడు నెలలకు అన్నమాట.

మంచు నది దాటిన రాత్రి

1917 అక్టోబరులో ఇటలీ సైన్యం దారుణంగా ఓడిపోయి వెనక్కు తగ్గింది. వారికి సాయంగా వెళ్ళిన బ్రిటిషు దళాల్లో వాల్టర్ చేరిన మిడిల్‌సెక్స్ 23వ బెటాలియన్ ఒకటి. ఇది కూడా ఆటగాళ్ళ కోసం పెట్టిన రెండో పటాలమే. ఉత్తర ఇటలీలో పియావె నది ఒడ్డున వారు మకాం వేశారు. ఆవలి గట్టున శత్రువులు.

వేసవిలో సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరిని చూసినవారికి ఆ నది రూపం తేలికగా అర్థమవుతుంది. విశాలమైన నదీగర్భం, మధ్య మధ్య మెట్టలు, వాటి చుట్టూ పాయలు పాయలుగా చీలిన నీరు. అయితే మన గోదావరిలో ఇసుక, అక్కడ గులకరాళ్ళు. మన నీరు నెమ్మది, ఆ నీరు ఆల్ప్స్ కొండల మంచు కరిగి దూకుతూ వచ్చే వడి ప్రవాహం. అడుగు పెడితే ఎముకలు కొరికే చలి. జనవరి నెల. ఎదుటి గట్టు నుంచి చూసేవారికి నల్లటి తలకాయ కనబడితే చాలు, తుపాకి పేలుతుంది.

1918 జనవరి 1వ తేదీ రాత్రి ఆ నది దాటి శత్రువుపై మెరుపుదాడి చేయాలని నిర్ణయించారు. ముందుగా దాటిన వారిలో వాల్టర్ ఒకరు. దాడికి వెళ్ళే ప్రధాన దళానికి కాపు కాసే జట్టు ఆయన చేతికింద ఉంది. 26 మంది సైనికులు. అందరూ తెల్లవారే. తీవ్రమైన కాల్పుల మధ్య వారిని నది దాటించి, పని ముగిసేవరకు నిలబెట్టి, తిరిగి ఇవతలి గట్టుకు తీసుకువచ్చారు. వెళ్ళిన వారు వెళ్ళినట్లు తిరిగి వచ్చారు. ఒక్కరికీ ప్రాణహాని జరగలేదు.

డివిజను అధిపతి మేజర్ జనరల్ లాఫర్డ్ ఆయన ధైర్యాన్నీ నిబ్బరాన్నీ ప్రశంసిస్తూ రాతపూర్వకంగా నమోదు చేశారు. బ్రిస్టల్ మైదానంలో తిట్లు పడుతున్నప్పుడు చూపిన నిబ్బరమే నది మధ్యలోనూ పనికి వచ్చింది.

ఫావ్రెయ్ పొలాల్లో

1918 మార్చిలో బెటాలియన్ తిరిగి ఫ్రాన్సు చేరింది. అప్పటికే రష్యా యుద్ధం నుంచి తప్పుకోవడంతో జర్మనీ తన బలగాన్నంతా పడమటి వైపు మళ్ళించింది. అమెరికా సైన్యం పూర్తిగా దిగకముందే యుద్ధం తేల్చుకోవాలని మార్చి 21న మహా దాడి ఆరంభించింది. కొద్ది గంటల్లోనే పది లక్షలకు మించి ఫిరంగి గుళ్ళు కురిశాయి. బ్రిటిషు వరుసలు చెదిరి వెనక్కు తగ్గుతున్నాయి.

మార్చి 25న బపోమ్ పట్నానికి చేరువలో ఫావ్రెయ్ అనే చిన్న ఊరి పొలాల్లో వాల్టర్ తన దళాన్ని వెనక్కు మళ్ళిస్తూ మెషిన్‌గన్ కాల్పులకు గురై నేలకూలారు.

ఆ తర్వాత జరిగిన సంగతి చెప్పుకోదగ్గది. అధికారి పడిపోయినప్పుడు వెనక్కు తగ్గుతున్న సైనికులు ఎవరి ప్రాణం వారు దక్కించుకోవడం సహజం. శవం కోసం ఎవరూ ఆగరు. కాని టామ్ బిల్లింగ్‌హామ్ అనే సామాన్య సైనికుడు ఆగాడు. అతడూ ఆటగాడే. లెస్టర్ జట్టుకు గోల్‌కీపరు. గుండ్లు రివ్వున దూసుకుపోతుంటే వాల్టర్ శరీరాన్ని ఈడ్చుకుని రావాలని ప్రయత్నించాడు. శత్రువు మరీ దగ్గరకు రావడంతో చివరికి వదిలి రాక తప్పలేదు.

రంగున్న వాడి మాట తెల్ల సైనికుడు వినడని చెప్పిన వారికి జవాబు ఎవరైనా చెప్పగలిగితే ఆ బిల్లింగ్‌హామే చెప్పాలి.

ఆ నేల జర్మన్ల వశమైంది. శరీరం మళ్ళీ దొరకలేదు. ఆ యుద్ధరంగంలో సమాధికి నోచుకోని దాదాపు 35,000 మంది పేర్లను ఆరాస్ పట్నంలో గోడల మీద చెక్కారు. వాల్టర్ టల్ పేరు అక్కడ ఉంది. అదే ఫ్రాన్సు ఉత్తర భాగంలో నవ్ షపెల్ దగ్గర మన భారతీయ సైనికులకు 1927లో కట్టిన స్మారకంపై 4,700కు పైగా పేర్లు ఉన్నాయి. వారికీ సమాధులు లేవు.

అన్నకు అందిన కబురు

మరణ వార్త తంతి ద్వారా గ్లాస్గోలోని ఎడ్వర్డుకు చేరింది. తల్లి పోయినప్పుడు, తండ్రి పోయినప్పుడు, శరణాలయం మెట్లెక్కినప్పుడు పక్కనున్న తమ్ముడు. తన జీవితంలో అంతటి దెబ్బ మరొకటి తగలలేదని ఎడ్వర్డు తర్వాత ఇంట్లో చెప్పుకునేవాడు. బెటాలియన్‌లోని తోటి అధికారి పికార్డు ఓదారుస్తూ ఉత్తరం రాశాడు. పటాలమంతా వాల్టరును ఎంత ప్రేమించేదో అందులో తెలిపాడు. మిలిటరీ క్రాస్ పతకానికి ఆయన పేరు సిఫారసు అయిందని కూడా రాశాడు.

అన్న విలియం కూడా సైన్యంలో పని చేసినవాడే. యుద్ధం ముగిశాక 1920లో అతడూ మరణించాడు. ఎడ్వర్డు 1950 వరకు జీవించాడు. తమ్ముడి ఉత్తరాలు, కాగితాలు ఆ కుటుంబం భద్రంగా దాచింది. అవి దాచి ఉండకపోతే ఈ కథ చాలా భాగం మనకు అందేది కాదు.

పతకం రాలేదు. సిఫారసు చేసిన కాగితమే దస్త్రాల్లో కనబడలేదు. పతకం ఇస్తే నిబంధనకు విరుద్ధంగా రంగున్న వాడిని అధికారిని చేసిన సంగతి అధికారికంగా బయటపడుతుందని కావాలనే తొక్కిపెట్టారని కొందరు చరిత్రకారుల వాదన. కాగితం లేనిదే ఏదీ చెప్పలేమని ప్రభుత్వం జవాబు.

డెబ్బై ఏళ్ళకు పైగా ఇంగ్లండు ఆయనను మరచిపోయింది. 1990 దశకంలో ఫిల్ వాసిలి అనే పరిశోధకుడు పాత పత్రికలు, సైనిక దస్త్రాలు తిరగేసి ఆయన జీవితాన్ని వెలికి తీశాడు. 1999 జూలైలో నార్తాంప్టన్ జట్టు మైదానం పక్కన స్మారక ఫలకం ఆవిష్కరించారు. మైదానానికి వెళ్ళే రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. 2014లో ఆయన బొమ్మతో 5 పౌన్ల నాణెం ముద్రించారు. 2017లో ఆ పట్నం నడిబొడ్డున విగ్రహం నిలిపారు. ఆయన మరణించి నూరేళ్ళు నిండిన 2018 మార్చిలో నూరుమందికి పైగా పార్లమెంటు సభ్యులు ప్రధానమంత్రికి లేఖ రాసి, ఆ మిలిటరీ క్రాస్ ఇప్పుడైనా ఇవ్వాలని కోరారు. వెనుకటి యుద్ధాలకు ఇప్పుడు పతకాలు ఇచ్చే ఆనవాయితీ లేదన్నదే ప్రభుత్వం పట్టిన పట్టు.